పని తెలిసిన నవల: సన్నపురెడ్డి ‘కొండపొలం’

కడప, కర్నూలు అనగానే సినిమాకు గుర్తొచ్చేవి కత్తులు, గాల్లోకి లేచే సుమోలు. ఆ పగల పక్కనే ఎండిపోయిన బావి, సంతలో అమ్ముకున్న ఎద్దులు, పట్నం పోయి తిరిగిరాని కొడుకు ఉన్నారు. వాళ్ల గురించి తెలియాలంటే రాయలసీమ కథకుల దగ్గరికి పోవాలి. కేతు విశ్వనాథరెడ్డి కథలకు 1996లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చేనాటికే కడప పల్లె తెలుగు కథలో తన గొంతుతో మాట్లాడుతోంది. ఆ గొంతును నవలలో చాలా దూరం నడిపించినవాడు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి.

ఆయనది కడప జిల్లా కలసపాడు మండలం బాలరాజుపల్లె. ఒకవైపు నల్లమల, ఇంకోవైపు వెలికొండ, నడుమ సగిలేరు. బడిపంతులుగా పనిచేస్తూ ‘కొత్త దుప్పటి’ కథలూ, ‘కాడి’, ‘తోలుబొమ్మలాట’, ‘పాలెగత్తె’, ‘ఒంటరి’ వంటి నవలలూ రాశారు. 2019లో తానా నవలల పోటీలో బహుమతి అందుకున్న ‘కొండపొలం’ ఆయన పేరును ఇంటింటికీ చేర్చింది.

వానలు మొహం చాటేసి, ఊరి చుట్టూ గడ్డీ నీళ్లూ అడుగంటినప్పుడు గొర్రెల కాపరులు జట్టు కట్టి మందలను నల్లమల లోపలికి తోలుకుపోతారు. అదే కొండపొలం. అందులో సాహసయాత్ర ఏమీ లేదు. జీవాలను బతికించుకోవడానికి మిగిలిన ఆఖరి దారి అది. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో ఉద్యోగం దొరక్క ఇంటికి చేరిన రవి తండ్రి వెంట ఆ దారి పడతాడు.

ఇక్కడే సన్నపురెడ్డి పనితనం కనిపిస్తుంది. కరువు మీద ఉపన్యాసం ఉండదు. నీళ్లు ఏ మడుగులో దొరుకుతాయి, రాత్రికి మందను ఎక్కడ ఆపాలి, పులి దగ్గర్లో ఉందని అడవి ఎట్లా చెబుతుంది అనే ఎరుకే కథను ముందుకు తోస్తుంది. ఏమీ తెలియని రవితో పాటు పాఠకుడూ ఒక్కొక్కటే నేర్చుకుంటాడు. కాపరుల నోట సీమ మాట అలంకారంగా కాక అవసరంగా వస్తుంది. ఆ మాటల సందుల్లోంచే అప్పు, పంట, ఇంటి గోడు బయటపడతాయి. పట్నంలో నలుగురి ముందు నోరు పెగలని భయం, అడవిలో పులి భయం ఒకే మనసులో ఎదురెదురుగా నిలబడతాయి. చీకటి విషయాలు రాసేవాళ్లు చాలామంది మనల్ని ఏడిపించి వదిలేస్తారు. ఈయన మాత్రం కష్టంలో ఉన్న మనిషికి ఏం తెలుసో చూపిస్తారు. అందుకే ఆ కాపరుల మీద జాలి కలగదు, గౌరవం కలుగుతుంది.

ఈ పద్ధతికి ఆ నేలలో పాత వేరు ఉందని నాకనిపిస్తుంది. కలసపాడుకు దగ్గర్లోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించినది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, తగలకూడని ఆరు దోషాలు, రెండేళ్లపాటు పనిచేసిన వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, అన్నీ రాయి మీద ఉన్నాయి. దాత పేరు, పుణ్యఫలంతో ఆగే శాసనాలెన్నో. ఇది మాత్రం పనిని కూడా రాసిపెట్టింది. నీరు అరుదైనచోట పని తెలియడమంటే బతకడమే. 1876–78 నాటి ధాత కరువులో సీమ ఎంతగా చచ్చిందో సర్కారు కాగితాలు చెబుతాయి. మందను అడవిలో ఎట్లా కాచుకున్నారో చెప్పాలంటే ఇట్లాంటి నవల కావాలి.

2021లో దర్శకుడు క్రిష్ ఈ నవలను అదే పేరుతో సినిమాగా తీశారు. అడవి తెరమీద అందంగానే ఉంది. అయితే నవలలో లేని ప్రేమకథ వచ్చి చేరేసరికి కాపరుల మాటలకు చోటు తగ్గింది. నవలకు ప్రాణం ఆ మాటలే.

సినిమా చూసి కొండపొలం తెలిసిపోయిందనుకున్నవాళ్లు దయచేసి పుస్తకం తెరవండి. కడప, కర్నూలు కాలేజీల్లో తెలుగు చెప్పే అయ్యవార్లు దీన్ని తరగతిలో పైకి చదివి వినిపించాలి. ఆ బెంచీల మీద కాపరుల పిల్లలూ కూర్చుని ఉంటారు. తమ నాయన మందను కాచిన తీరు వాళ్ల చేత కూడా రాయించండి.