ఎర్ర నూనె చెప్పే సంగతులు

అమెరికాలో 1984 నుంచి 2001 దాకా వచ్చిన జీప్ చెరోకీలను ఇప్పటికీ ప్రాణంగా చూసుకునేవాళ్లున్నారు. 1987 నుంచి ఆ బండిలో నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్‌కి జోడీగా వచ్చింది ఏడబ్ల్యూ4 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. జపాన్‌లోని ఐసిన్-వార్నర్ తయారీ, టయోటాల్లో వాడిన ఏ340 కుటుంబానిదే. చాలా గట్టిది. అయినా ఏళ్లు మీదపడ్డాక ఒకరోజు జారుతుంది: ఇంజన్ రొద పెరుగుతుంది, బండి మాత్రం ముందుకు లాగదు.

పాత బళ్ల యార్డు నుంచి ఇంకో గేర్‌పెట్టె తెచ్చి బిగించడం చవకే. కేసు పగిలితే అంతకంటే దారి లేదు కూడా. కానీ మొదటిది ఎందుకు పాడైందో తేల్చకుండా రెండోది ఎక్కిస్తే, దానికీ అదే గతి పడుతుంది. పాతదాన్నే విప్పి బాగుచేసే రీబిల్డ్ పనితనమంతా ఆ కారణం పట్టుకోవడంలోనే ఉందని నా నమ్మకం.

అందుకే మంచి మెకానిక్ ముందు స్పానర్ పట్టడు, గేర్‌బాక్స్‌లోని నూనె చూస్తాడు. తేటగా ఎర్రగా ఉండాలి. నల్లబడి మాడు కంపు కొడితే క్లచ్ ప్లేట్లు కాలినట్టే. ఒత్తిడిని నియంత్రించే థ్రాటిల్ కేబుల్ వదులైనా అవి కాలతాయి. నూనె గులాబీరంగు పాలలా మారితే రేడియేటర్‌లోని కూలర్ చిట్లి నీళ్లు చేరాయన్నమాట. ప్లేట్ల మీది పొరను జిగురుతో అతికిస్తారు, నీళ్లకు అది ఊడిపోతుంది. ఇక రేడియేటర్ మార్చకుండా గేర్‌బాక్స్ బాగుచేయడం వృథా.

తర్వాత గేర్లు మార్చే కంప్యూటర్ ప్లగ్ పీకి, గేర్లు చేత్తో వేసి నడుపుతారు. అప్పుడు లీవరు 1-2లో ఉంటే మొదటి గేరు, 3లో మూడోది, డీలో నాలుగోది పడాలి. పడ్డాయంటే లోపం చాలావరకు వైర్లలోనో సెన్సర్లలోనో కంప్యూటర్‌లోనో ఉంటుంది. పెట్టె విప్పనక్కర్లేదు. ఈ ఒక్క పరీక్ష ఎంత ఖర్చు తప్పిస్తుందో!

విప్పక తప్పకపోతే ట్రాన్స్‌ఫర్ కేసు, ప్రొపెల్లర్ షాఫ్టులు ముందు దింపాలి. గేర్‌బాక్స్‌ను ఇంజన్‌కి కలిపే బెల్ హౌసింగ్ మీది క్రాంక్ సెన్సర్ తీసేయకపోతే అది నలిగిపోతుంది. పైనున్న రెండు బోల్టులకు ఈ12 సాకెట్, పొడుగాటి ఎక్స్‌టెన్షన్, బోలెడు ఓపిక కావాలి.

అసలు పని బల్ల మీద. విప్పిన ప్రతి భాగాన్నీ వరస తప్పకుండా పేరుస్తారు. కొత్త ప్లేట్లను గేర్‌బాక్స్‌లో పోసే ఆ ఎర్ర నూనెలోనే నానబెట్టి ఎక్కిస్తారు. సీళ్లకు గ్రీజు కాదు, వాసెలిన్ రాస్తారు. అది వేడి నూనెలో కరిగిపోతుంది. ప్లేట్ల సందును ఫీలర్ గేజ్‌తో కొలిచాక, నూనె దారిలోకి కంప్రెసర్ గాలి వదులుతారు. క్లచ్ ఠప్పున పట్టుకోవాలి. బుస్సుమని గాలి పోతే సీలు తిరగబడిందనో చిరిగిందనో అర్థం. మళ్లీ విప్పాల్సిందే.

ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కి అందించే పాత టార్క్ కన్వర్టర్ లోపల ఇరుక్కున్న రజను కడిగినా పూర్తిగా పోదు, మార్చేయాలి. కూలర్ గొట్టాలూ కడగాలి. కొత్త కన్వర్టర్‌ని తిప్పుతూ నెడుతూ పంపులోకి పూర్తిగా కూర్చోబెట్టాలి. బెల్ హౌసింగ్ చేత్తో నెడితేనే ఇంజన్‌కి ఆనాలి. బోల్టులతో లాగి ఆనించారో, పంపు అక్కడే విరుగుతుంది.

బండి కొన్నాళ్లు తిప్పాక గేర్‌బాక్స్ కింది నూనె పాన్ విప్పి చూస్తారు. అడుగున సన్నటి బూడిదరంగు పొడి ఉంటే సహజం. మెరిసే లోహపు ముక్కలుంటే పెట్టె మళ్లీ బల్లెక్కుతుంది.