అల్పాక్షర చిత్రసమీక్ష: తీర్పు, హేతువు

చలనచిత్రం విడుదలైన నాటి మధ్యాహ్నానికే దాని మంచిచెడులను నిర్ణయించే మాటలు నేడు సామాజిక మాధ్యమాల్లో వెలువడుతున్నాయి. రెండు మూడు వాక్యాలు, ఒక్కొక్కసారి ఒకే పదం, పక్కన కొన్ని నక్షత్రాలు. ఇదీ వాటి స్వరూపం. పత్రికల్లో సుదీర్ఘ సమీక్షలకు అలవాటుపడిన సాహిత్యాభిమానులు వీటిని విమర్శగా అంగీకరించడానికి సందేహిస్తున్నారు. ఈ సందేహం ఎంతవరకు సమంజసమో పరిశీలించవలసి ఉంది.

సంక్షిప్తత లోపమనే వాదం తెలుగువారి నోట శోభించదు. వేమన నాలుగు పాదాల ఆటవెలదిలో లోకరీతిని తూచాడు. శ్రీనాథునివిగా ప్రసిద్ధమైన చాటువులు పలనాటి తిండినీ, నీటి ఎద్దడినీ నేటికీ మన కళ్లకు కట్టిస్తున్నాయి. 2006లో ఆరంభమైన ట్విట్టర్ ఒక సందేశానికి 140 స్థానాల పరిమితి విధించింది. 2017లో అది 280కి పెరిగింది. 2023లో ఆ సంస్థ పేరు ఎక్స్‌గా మారింది. ఈ లెక్కలో మన లిపికి ఒక ఇబ్బంది లేకపోలేదు. కంటికి ఒకే అక్షరంగా కనిపించే ‘స్త్రీ’ యంత్రగణనలో ఆరు స్థానాలు ఆక్రమిస్తుంది: మూడు హల్లులు, వాటిని కలిపే రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం. కందపద్యం చెప్పే కవికి ఉన్నవి 64 మాత్రలే. ఆ కట్టుబాటుతో పోల్చితే, ఒక తీర్పుకూ దాని హేతువుకూ 280 స్థానాలు చాలినంత చోటే.

అసలు లోపం హేతువును విడిచిపెట్టడంలో ఉంది. ‘బ్లాక్‌బస్టర్’, ‘డిజాస్టర్’, ‘ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్’ వంటి మాటలు ఏ చిత్రానికైనా అతుకుతాయి. కనుకనే అవి ఏ చిత్రాన్నీ వివరించవు. పైగా వీటిలో మొదటి రెండూ వసూళ్లకు సంబంధించిన వ్యాపార పరిభాష. వసూళ్ల లెక్క తేలకముందే వాటిని తీర్పుగా ప్రకటించడం విచిత్రం.

1957 నాటి ‘మాయాబజార్’ను ఉదాహరణగా తీసుకుందాం. ‘అద్భుతం, తప్పక చూడండి’ అన్నది ప్రశంస మాత్రమే. ‘పాండవులు తెరపై ఒక్కసారీ కనిపించరు, అయినా కథ వారి బంధువర్గానిదే. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి సావిత్రి నడకలోనే పోల్చుకోవచ్చు’ అన్నది విమర్శ. మొదటి వాక్యం కథాసంవిధానాన్నీ, రెండవది అభినయాన్నీ పట్టి చూపాయి. ఈ మాటలు నిజమో కాదో పాఠకుడు చిత్రం చూసి స్వయంగా నిర్ధారించుకోగలడు. అలా నిర్ధారించుకొనే వీలు కల్పించడమే విమర్శకుని బాధ్యత.

ఇది అభిరుచికి మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. 1980లో ‘శంకరాభరణం’ ఆరంభంలో పలచని ప్రేక్షకులతో నడిచి, చూసినవారి నోటిమాట వల్ల ఘనవిజయం సాధించింది. ఆ మాట ఊరూరా వ్యాపించడానికి నాడు వ్యవధి ఉండేది. నేడు తొలి వారాంతంలోనే ప్రదర్శనల సంఖ్య తారుమారవుతోంది. పేరున్న నటులు లేని చిన్న చిత్రానికి హేతువులేని ఒక్క పదమే ప్రాణాంతకం కావచ్చు. విడుదలైన తొలి మూడు రోజులు సామాజిక మాధ్యమాల్లో సమీక్షలు రాకుండా నిరోధించాలని తమిళ నిర్మాతల సంఘం ఒకటి 2024లో మద్రాసు హైకోర్టును ఆశ్రయించింది. భావప్రకటన స్వేచ్ఛను గుర్తుచేస్తూ న్యాయస్థానం మధ్యంతర ఉత్తర్వులకు నిరాకరించింది. నిర్మాతల ఆవేదన అర్థం చేసుకోదగినదే. కాని నిషేధం చెడ్డమాటతో పాటు మంచిమాట నోరూ నొక్కుతుంది. చిన్న చిత్రానికి ప్రచార వ్యయం భరించే స్తోమత ఉండదు. దాన్ని నిలబెట్టగలిగేది ఆ మంచిమాటే.

చరిత్ర విద్యార్థికి ఈ పొట్టి సమీక్షలు మరొక విధంగానూ విలువైనవి. 1957లో నేల టికెట్టు కొని చూసిన సామాన్యుని అభిప్రాయం చాలామటుకు గాలిలో కలిసిపోయింది. నేటి సామాన్యుడు తన అభిప్రాయాన్ని తానే లిఖిస్తున్నాడు. అయితే ‘డిజాస్టర్’ అన్న పదం నుంచి రేపటి చరిత్రకారుడు గ్రహించగలిగేది శూన్యం. ఏ సన్నివేశం మనసుకు హత్తుకుంది, ఏ సంభాషణ కృత్రిమంగా తోచింది, ఎవరి పనితనం చిత్రాన్ని నిలబెట్టింది అన్నవాటిలో ఒక్కటైనా చెబితే ఆ రెండు వాక్యాలు సాక్ష్యంగా మిగులుతాయి. సమీక్షకుడు నక్షత్రాలు ఎన్ని ఇచ్చినా, ‘ఎందుకంటే’ అనే మాటకు కొంత చోటు మిగల్చడం మేలు.