బాధ్యత మోస్తేనే గుణం పెరుగుతుంది

పిల్లలకు మంచి గుణం అబ్బాలని కోరుకోని తల్లిదండ్రులు లేరు. అందుకు బడిలో నీతి పద్యాలు వల్లె వేయిస్తాం, ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పిస్తాం. స్కౌటింగ్ పట్టిన దారి వేరు. నలుగురి తిండో, నలుగురి క్షేమమో ఆధారపడిన పనిని పిల్లల చేతిలో పెడుతుంది. ఆ పని చేస్తూనే వాళ్లు మాట మీద నిలబడడం నేర్చుకుంటారు. కొమురం భీం ఆసిఫాబాద్ లాంటి అడవి జిల్లాకు ఇంతకన్నా నప్పే శిక్షణ లేదు.

1907 ఆగస్టులో స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పావెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో మొదటి శిబిరం నడిపారు. సంపన్నుల పిల్లలనూ కార్మికుల పిల్లలనూ కలిపి చిన్న జట్లుగా విడదీశారు. ఈ ఉద్యమం మన దేశానికి వచ్చిన కొత్తలో భారతీయ పిల్లలకు అందులో చోటు దక్కలేదు. ఆ లోటు తీర్చడానికి 1916లో అనీబిసెంట్ మద్రాసులో, 1918లో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరాం బాజ్‌పాయ్ అలహాబాదులో వేరే సంఘాలు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. మరుసటి ఏడాది బాలికల గైడ్ సంఘం కూడా అందులో కలిసింది.

స్కౌటింగ్‌కు గుండెకాయ ప్యాట్రోల్ పద్ధతి. ఆరుగురి నుంచి ఎనిమిది మంది దాకా ఒక జట్టు. దానికి నాయకుడు ఆ పిల్లల్లో ఒకడే. శిబిరంలో ఒకరు కట్టెలు తేవాలి, ఒకరు నీళ్లు మోయాలి, ఒకరు వంట చూడాలి, ఒకరు మందుల పెట్టె కాపాడాలి. నీళ్లు తెచ్చేవాడు బద్ధకిస్తే ఆ పూట అన్నం ఆలస్యమవుతుంది. మాస్టరు కోప్పడనక్కర్లేదు, ఆకలితో కూర్చున్న తోటివాళ్ల ముఖాలే చాలు. జట్ల నాయకులంతా కూర్చుని తగవులు తీర్చుకునే సభ కూడా ఉంటుంది. తప్పొప్పులు తేల్చే అధికారం పిల్లలకే ఇస్తే వాళ్లెంత న్యాయంగా ఉంటారో అక్కడ చూడాలి.

ముడులు నేర్పడం వెనకా ఇదే ఆలోచన. రీఫ్ నాట్ చూడండి. కుడి కొసను ఎడమ కొస మీదుగా తిప్పి వేయాలి, తర్వాత ఎడమను కుడి మీదుగా వేయాలి. అప్పుడు ముడి చదునుగా కూర్చుంటుంది, కట్టు కట్టిన చోట ఒత్తుకోదు, విప్పాలంటే తేలిగ్గా వస్తుంది. రెండోసారి కూడా కుడినే మీదికి తెచ్చారా, అది జారిపోయే ముడి. బావిలో పడిన మనిషిని పైకి లాగాలంటే బోలైన్ వేయాలి. దాని ఉచ్చు బరువు పడ్డా ఛాతీ చుట్టూ బిగుసుకోదు. ‘దాదాపు సరిగ్గా’ వేశానంటే ఇక్కడ కుదరదు. చేసే పని నిక్కచ్చిగా చేయాలన్న బుద్ధి ముందు వేళ్లకు వచ్చి, ఆ తర్వాత మనసుకు ఎక్కుతుంది.

గమనించడం మరో విద్య. పళ్లెంలో 24 వస్తువులు పెట్టి, ఒక్క నిమిషం చూపించి గుడ్డ కప్పేస్తారు. గుర్తున్నవి రాయాలి. ఆసిఫాబాద్‌లో ఆ పళ్లెంలో తునికాకు, ఇప్పపువ్వు, టేకు గింజ, మోదుగ పువ్వు, మొర్రి పలుకులు పెట్టవచ్చు. తిర్యాణి, కెరమెరి ఊళ్ల ఆదివాసీ పిల్లలు వీటిని పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు. పుస్తకం ముందు వెనకబడ్డాడని పేరుపడ్డ పిల్లవాడు ఇక్కడ జట్టుకు దారి చూపిస్తాడు. ఆ ఒక్క అనుభవం అతని నడకనే మార్చగలదు.

ప్రథమ చికిత్స సంగతి సరేసరి. పాము కాటేసిన చోట కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. కాటుపడిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, మనిషికి ధైర్యం చెబుతూ వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. వానాకాలంలో వాగులు పొంగి దారులు తెగే ఊళ్లలో ఈ నాలుగు మాటలు తెలిసిన పిల్ల ఊరంతటికీ అండ.

జట్టుగా కదిలి నియమంతో మెలగడం ఈ నేలకు కొత్త కాదు. దీపావళి వేళ గోండు గూడేల దండారి నృత్య బృందాలు ఊరి నుంచి ఊరికి వెళ్తాయి. గుస్సాడీ వేషం కట్టినవాళ్లు దీక్షలో ఉంటారు, పండుగ ముగిసేదాకా స్నానం చేయరు. ఆతిథ్యం ఇచ్చే ఊరూ అందుకునే ఊరూ మర్యాద తప్పవు. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుది జైనూర్ మండలంలోని మార్లవాయి. మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో 1943లో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైందీ ఆ ఊళ్లోనే. పిల్లల సొంత భాషలో, వాళ్లెరిగిన లోకంలోంచి చదువు చెప్పాలన్నది అక్కడి పాఠం. స్కౌటింగ్ కూడా ఇక్కడ అలాగే వేళ్లూనాలి.

అందుకు పెద్ద ఖర్చేం లేదు. ప్రతి ఆశ్రమ పాఠశాలలో ఒక టీచర్‌కు శిక్షణ ఇప్పించాలి. వారానికొక పూట పిల్లలను ఆరుబయటికి తీసుకెళ్లాలి. పులులు తిరిగే అడవి కాబట్టి అటవీ శాఖ అనుమతి తీసుకునే శిబిరం వేయాలి. అబ్బాయిలతో సమానంగా అమ్మాయిలకూ జట్లు కట్టాలి, నాయకత్వం వంతులవారీగా అందరికీ రావాలి. యూనిఫాం, స్కార్ఫ్ జెండా పండుగ కవాతుకే పరిమితమైతే అది స్కౌటింగ్ కాదు. పిల్లలను నమ్మి పని అప్పగించే ధైర్యం ముందు పెద్దలమైన మనకు రావాలి.