ఆ 'దే' ఎంతమంది?

షార్జాలో నా ఉద్యోగమంతా కాగితాల కాపురం. శాలరీ సర్టిఫికెట్లు, ఎన్‌ఓసీలు, బ్యాంకు ఉత్తరాలు. ఫార్మాట్ ఒక్కటే, పేరూ పాస్‌పోర్టు నంబరూ మార్చి ముద్ర వేయడమే. ఓసారి ఒక నర్సు సర్టిఫికెట్‌లో పేరు ఆమెదే గానీ, కింద మూడు చోట్ల 'హీ', ఒక చోట 'హిజ్' ఉండిపోయాయి. బ్యాంకు తిప్పి పంపింది. ఆమె ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, "నన్ను మగాణ్ణి చేసేశారు కదా అన్నయ్యా!" అని నవ్వింది. నవ్వింది కాబట్టి బతికిపోయాను.

ఆ రోజే ఫార్మాట్‌లో 'హీ'లన్నీ పీకేసి 'దే' పెట్టాను. అకౌంట్స్‌లో ఉండే కరీంనగర్ కుర్రాడు చదివి, "అన్నా, ఒక్కామె సర్టిఫికెట్ల ఇంకెవరున్నరు?" అన్నాడు.

"మీ మేనేజర్ సార్ వచ్చిండ్రా అంటవు గదా, ఎంతమంది వచ్చిండ్రు?" అన్నాను, వాడి యాసలోనే. వాడికి వెంటనే వెలిగింది.

ఒక్కరినే 'దే' అనడం ఇంగ్లీషులో 14వ శతాబ్దం నుంచీ ఉన్నదే. దాన్ని తప్పన్నది చాలా తర్వాత వచ్చిన వ్యాకరణ పండితులు. 1850లో బ్రిటిష్ పార్లమెంటయితే చట్టాల్లో 'హీ' అంటే ఆడవాళ్ళు కూడా అని తేల్చేసింది. మన 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్‌లోనూ అదే మాట. 1884లో కన్వర్స్ అనే అమెరికన్ ఆడామగా తేడా లేకుండా వాడటానికి 'థాన్' అని సరికొత్త సర్వనామం అచ్చులోకి తెచ్చాడు. అది 1934లో వెబ్‌స్టర్ నిఘంటువెక్కి 1961లో దిగిపోయింది. జనం నోట ఆడని మాట నిఘంటువులో ఎన్నాళ్ళుంటుంది? పాత 'దే'నే 2019లో మెరియమ్-వెబ్‌స్టర్ ఆ ఏటి మాటగా ప్రకటించింది.

మా పక్క సీటు ఈజిప్టు మిత్రుడికి ఈ వెసులుబాటు లేదు. అరబీలో ఎదుటి మనిషిని 'నువ్వు' అనాలన్నా మగవాడైతే 'అంత', ఆడదైతే 'అంతి'. ఉద్యోగి అన్న మాటే మువజ్జఫ్, మువజ్జఫా అని రెండు. అందుకే ఆయన దగ్గర ఫార్మాట్లూ రెండే.

మన 'వారు'కి ఆడామగా పట్టదు, హోదా పడుతుంది. మర్యాద కాస్త తగ్గిందా, వాడు వచ్చాడు, ఆమె వచ్చింది, గేదె వచ్చింది. 'తను' అని కాసేపు దాచినా, క్రియ దగ్గరికొచ్చేసరికి గుట్టు రట్టు.

మొన్న మా ఆఫీసు ఊడ్చే రాజోలు అక్కకి సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. ఈ కంపెనీలో 'దే' ఫలానా ఏడాది నుంచి పనిచేస్తున్నారని ఇంగ్లీషులో శ్రద్ధగా టైపు చేశాను. ముద్ర వేశాక కరీంనగర్ కుర్రాడికి ఫోన్ చేసి అడిగాను: "ఆమె వచ్చిందా?"