మాన్యం ముడి విప్పిన సవరణ

దురాచారాన్ని చట్టంతో మాన్పించాలంటే ముందుగా తట్టేవి నిషేధం, జరిమానా, జైలు. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1929లో మద్రాసు శాసనమండలిని ఒప్పించి తెచ్చిన సవరణ వేరే చోట మొదలవుతుంది. దాన్ని చదివినప్పుడల్లా ఆ తెలివికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

దేవుడికి అంకితమిచ్చిన దేవదాసిని గుడికి కట్టిపడేసింది ఒక్క భక్తే కాదు, భూమి కూడా. గుడిసేవకు ప్రతిఫలంగా చాలా ఇళ్లకు ఇనాం మాన్యం ఉండేది. సేవ ఆగితే మాన్యం పోతుంది. ఇంటి మాన్యం నిలవాలంటే తరానికొక ఆడపిల్లను దేవుడికి ఇవ్వాలి. ముత్తులక్ష్మి సరిగ్గా ఈ ముడినే పట్టుకున్నారు. హిందూ మత ధర్మాదాయ చట్టంలో చేరిన 44-ఏ సెక్షను ఆ భూములను సేవ షరతు నుంచి విడదీసింది. కొద్దిపాటి శిస్తు కట్టి భూమిని ఉంచుకోవచ్చు, గుడిలో ఆడనక్కర్లేదు. ఆ స్త్రీ నోటి దగ్గర కూడు తియ్యకుండానే మెడలో కట్టు తెంచిన సెక్షను అది!

ఈ లోతు ఊరికే రాలేదు. 1886లో పుదుక్కోట్టైలో పుట్టిన ఆమెకు తల్లి చంద్రమ్మాళ్ తరఫున దేవదాసీ కులంతో రక్తసంబంధం ఉంది. 1912లో డాక్టరయ్యారు. 1926లో మండలికి నామినేట్ అయ్యారు, మరుసటేడే దానికి ఉపాధ్యక్షురాలు.

ఎదురు నిలిచినవాళ్లూ సామాన్యులు కారు. మండలిలో కాంగ్రెస్ నాయకుడు సత్యమూర్తి, బయట మద్రాసు దేవదాసీల సంఘం, అందులో బెంగుళూరు నాగరత్నమ్మ. కవయిత్రి ముద్దుపళని కావ్యం 'రాధికా సాంత్వనము'ను 1910లో అచ్చువేయించిన ఆ విదుషి. తమ కళకూ పరువుకూ దెబ్బ తగులుతుందన్న ఆ స్త్రీల గోడు న్యాయమైనదే, దానికి ఇంకా గట్టి జవాబు దొరకాల్సిందని నేననుకుంటాను. అదే కులంలో పుట్టిన యామినీ పూర్ణతిలకం మాత్రం ఆంధ్రలో ఈ ఆచారం పోవాలనే పోరాడారు.

సవరణ షరతును తీసేసిందే తప్ప అంకితాన్ని నిషేధించలేదు. అందుకు ముత్తులక్ష్మి 1930లో మరో బిల్లు తెచ్చారు. అదే ఏడు గాంధీజీ అరెస్టుకు నిరసనగా పదవి వదిలేశారు. ఆ నిషేధం 1947లో గానీ చట్టం కాలేదు. అందులోనూ ఒక పదును ఉంది: పిల్ల ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా అంకితం చెల్లదు, ఆమె చేసుకునే పెళ్లి మాత్రం చెల్లుతుంది. అప్పటికి తెలుగు జిల్లాలూ మద్రాసు రాష్ట్రంలోనివే.

గుడి వద్దనుకున్న పిల్ల రేపటి నుంచి ఎక్కడ ఉండాలి? ఈ ప్రశ్నను ఏ సెక్షనూ తీర్చదు. అలా గడప తొక్కిన ఆడపిల్లలకు ఆమె తన ఇంట్లోనే చోటిచ్చారు. 1930లో అలా పుట్టిన అవ్వై హోం అడయారులో ఇప్పటికీ ఆడపిల్లలను చదివిస్తోంది.