పలకరాయి మీద పండే పులుపు

జర్మనీలో మోజెల్ నది ఒడ్డున, బ్రెమ్ అనే చిన్న ఊరి వెనక, కాల్మాంట్ కొండ నిట్టనిలువుగా లేస్తుంది. వాలు కొన్నిచోట్ల 60 డిగ్రీలు దాటుతుంది. దాని మీద ద్రాక్షతోటలు! ట్రాక్టరు ఎక్కదు. కొమ్మ కత్తిరించడం దగ్గర్నుంచి గుత్తి కోయడం దాకా అంతా చేతి పనే. ఒంటిపట్టా మీద పాకే చిన్న బండి ఉంటే, కోసిన పళ్లు దించడానికి అదే పెద్ద సాయం. నది పక్కన చదును నేల లేక కాదు, మంచి ద్రాక్ష పండేది ఈ వాలు మీదే కనుక ఇంత పాటు.

మోజెల్ ఫ్రాన్స్‌లోని వోజ్ కొండల్లో పుట్టి, లక్సెంబర్గ్ సరిహద్దు వెంట సాగి, మెలికలు తిరుగుతూ కోబ్లెంజ్ దగ్గర రైన్‌లో కలుస్తుంది. ఈ తోటలు 50వ ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూ ఉంటాయి. అంత ఉత్తరాన సూర్యుడు నడినెత్తికి రాడు. చదును నేల మీద పలచగా పరుచుకునే ఎండను దక్షిణ ముఖంగా ఉన్న కొండవాలు నేరుగా అందుకుంటుంది. నది నీరు కూడా కొంత వెలుగును పైకి తిప్పికొడుతుంది.

ఇక నేల. దాదాపు 40 కోట్ల ఏళ్ల నాటి పలకరాయి అది. మార్కాపురంలో బడిపిల్లల పలకలకు కోసిన జాతి రాయే. ఇక్కడ అది ముక్కలు ముక్కలుగా పరుచుకుని పగటి వేడిని దాచుకుంటుంది, రాత్రి మొక్కలకు తిరిగి ఇస్తుంది. వాన నీటిని నిలవనివ్వదు. వానలకు కిందికి జారిన ముక్కలను రైతులు తరతరాలుగా మళ్లీ పైకి మోశారు. 19వ శతాబ్దంలో యూరప్ తోటలను తుడిచిపెట్టిన ఫిలాక్సెరా అనే వేరుపురుగు ఆటలు ఈ రాతినేలలో అంతగా సాగలేదు. అందుకే అంటు కట్టకుండా సొంత వేళ్ల మీద నిలిచిన ముసలి ద్రాక్షలు ఇక్కడ ఇంకా కాస్తున్నాయి.

మొక్కను పెంచే పద్ధతి కూడా వాలును బట్టే వచ్చింది. ఒక్కో మొక్కకు ఒక్కో గుంజ పాతి, రెండు కొమ్మలను గుండె ఆకారంలో వంచి దానికే కట్టేస్తారు. ఇనుపతీగల అడ్డు ఉండదు కనుక పనివాళ్లు కొండ మీద పైకీ కిందికే కాక పక్కకూ కదలగలుగుతారు. వేలెన్ ఊరి ఎదుటి తోటలో పనివాళ్లకు పొద్దు తెలియడం కోసం 1842లో యోడోకస్ ప్రూమ్ ఒక నీడగడియారం కట్టించాడు. అదింకా ఉంది. ఆ తోటకు పేరు వచ్చింది కూడా దాని వల్లే.

ఇక్కడ ద్రాక్ష సాగు రోమన్ల కాలం నాటిది. పీపాలు నింపుకుని తెడ్లతో సాగే ఓడను చెక్కిన వాళ్ల సమాధి శిల్పాన్ని ట్రియర్ మ్యూజియంలో చూడవచ్చు. రీస్లింగ్ రకానికి పెద్దపీట పడింది మాత్రం చాలా తర్వాత. నాసిరకం మొక్కలు పీకి మంచివి నాటమని ట్రియర్ పాలకుడు క్లెమెన్స్ వెన్సెస్లాస్ 1787లో ఉత్తర్వు ఇచ్చాడు.

రీస్లింగ్ తాపీగా పండుతుంది. చల్లని రాత్రులు దాని పులుపును తగ్గిపోనివ్వవు. మోజెల్ వైన్‌కు ఆ పులుపే ప్రాణం. ఒకే తోటలో విడతలు విడతలుగా కోస్తారు. పండులో చేరిన చక్కెరను బట్టి కాబినెట్, ష్పేట్‌లేజె, ఔస్‌లేజె అని మెట్లున్నాయి. ఇవి పండు ఎంత పక్వానికి వచ్చిందో చెబుతాయి కానీ, సీసాలోని తీపిని కాదు. ఇంకా పై మెట్లకు బొట్రైటిస్ అనే బూజు పట్టి ముడుచుకున్న పళ్లను ఒక్కొక్కటిగా ఏరుతారు. ఐస్‌వైన్ సంగతి వేరు. మైనస్ 7 డిగ్రీలో అంతకన్నా చలో పడి గుత్తులు మొక్క మీదే గడ్డకట్టాలి. తెల్లవారకముందే కోసి, కరగకముందే పిండాలి. నీరు మంచుగా లోపలే ఉండిపోతుంది, చిక్కని రసం మాత్రం బొట్లు బొట్లుగా దిగుతుంది.

పాత పద్ధతిలో రసాన్ని ఫూడర్ అనే వెయ్యి లీటర్ల ఓక్ పీపాల్లో పులియబెడతారు. ఏళ్ల తరబడి వాడిన పీపాలు కనుక చెక్క రుచి అంటదు. పూర్వం చలికాలానికి నేలమాళిగ చల్లబడి, ఇంకా కొంత చక్కెర మిగిలి ఉండగానే ఈస్ట్ నిద్రపోయేది. ఇప్పుడు కావాలనే చల్లబరిచి, వడకట్టి ఆపుతారు. అలా వచ్చిన కాబినెట్‌లో ఆల్కహాలు చాలాసార్లు 8 శాతం దగ్గరే ఉంటుంది. తీపి తెలుస్తుంది, కానీ వెంటనే పులుపు వచ్చి నోరు శుభ్రం చేస్తుంది. పచ్చి ఆపిల్, నిమ్మ, పీచ్ వాసనలు. మంచి సీసా దశాబ్దాలు నిలుస్తుంది, పాతబడేకొద్దీ సన్నగా కిరోసిన్ వాసన చేరుతుంది. రీస్లింగ్ ప్రేమికులు దానికోసమే ఎదురుచూస్తారు. తీపి వైన్ అంటే తక్కువరకం అనే మాటను నేను ఒప్పుకోలేను. ఇంత తూకంగా నిలిచే పానీయం మరొకటి నాకు తెలియదు.

ఈ తూకం వెనక ఆకలి చరిత్ర ఉంది. 1815 తర్వాత మోజెల్ ప్రష్యా చేతికి వచ్చింది. కొన్నాళ్లు ప్రష్యా మార్కెట్ అంతా తమదే కావడంతో రైతులు విరివిగా నాటారు. 1834లో జర్మన్ రాజ్యాల కస్టమ్స్ కూటమి ఏర్పడి దక్షిణాది వైన్‌లు వచ్చి పడేసరికి ధరలు కూలిపోయాయి. ట్రియర్‌లో పుట్టిన కార్ల్ మార్క్స్ 1843 జనవరిలో రైనిష్ సైటుంగ్ పత్రికలో ఈ రైతుల దుస్థితి గురించి రాశాడు. ఆ ఏడాదే ప్రభుత్వం పత్రికను మూయించింది. తనను ఆర్థిక విషయాల వైపు తిప్పినవాటిలో మోజెల్ రైతుల సమస్య ఒకటని మార్క్స్ 1859లో స్వయంగా చెప్పాడు. 1850ల్లో లుడ్విగ్ గాల్ మరో దారి చూపాడు. చలి ఏడు పుల్లగా మిగిలిన రసంలో చక్కెర నీళ్లు కలిపి పులియబెట్టమన్నాడు. అది పేదరైతును బతికించే ఉపాయం, ఎవరూ తప్పుపట్టలేరు. కానీ వ్యాపారుల చేతికి చిక్కి అది కల్తీకి దారి తీసింది. ఏమీ కలపని వైన్‌నే వేలం వేస్తామని 1908లో ట్రియర్‌లో ఉత్పత్తిదారులు సంఘం కట్టారు. ఆ వేలం నేటికీ ఏటా జరుగుతోంది.

నాకు బాధ కలిగించేది 1971 నాటి వైన్ చట్టం. పీస్‌పోర్టర్ గోల్డ్‌ట్రోప్ఫ్‌షెన్ అనేది పీస్‌పోర్ట్ ఊరి వెనక నిటారుగా ఉన్న పలకరాతి తోట. పీస్‌పోర్టర్ మిషెల్స్‌బెర్గ్ అలాంటి ఒక తోట కాదు. చుట్టుపక్కల ఎన్నో ఊళ్ల పంటకు, చదును నేలల్లో కాసినదానికి కూడా చట్టం తగిలించిన పేరు. లేబుల్ మీద రెండూ ఒకేలా కనిపిస్తూ వచ్చాయి. చౌక తీపి వైన్ ఆ పేర్లతో ప్రపంచమంతా పారింది, కొండ మీద నడుం వంచిన రైతుకు గిట్టుబాటు లేకుండా పోయింది. ఎన్నో వాలు తోటలు ముళ్లపొదలయ్యాయి. జర్మనీలో ఉంటున్న తెలుగువాళ్లు సీసా కొనేటప్పుడు తోట పేరు అడిగి తెలుసుకుని, అది కొండవాలుదేనా అని చూసుకోవడం మంచిది.

ఇప్పుడు వాతావరణమే మారుతోంది. ఒకప్పుడు పండదేమోనని భయం, ఇప్పుడు తొందరగా పండి పులుపు పోతుందేమోనని భయం. 2019 పంటకు తగినంత చలి పడక దేశం మొత్తం మీద ఐస్‌వైన్ కోత విఫలమైంది. తేలికపాటి కాబినెట్ కోసం కొందరు ముందుగా కోస్తున్నారు. మరికొందరు సార్, రూవర్ ఉపనదుల చల్లటి లోయల్లో, తాతల కాలంలో వదిలేసిన వాలుల మీద పొదలు కొట్టి మళ్లీ రీస్లింగ్ నాటుతున్నారు.