నగరమున ప్రకృతి కేంద్రము: ఒక పరిశీలన

నగరమందలి ప్రకృతి కేంద్రమును దేనితో కొలవవలెను? అచ్చటి పక్షుల సంఖ్యతో కాదు. చుట్టుపట్ల జనులకు అది ఎంతవరకు ఉపకరించినదను దానితో కొలవవలెను.

అమెరికాలోని మిల్వాకీ నగరమున గల ‘అర్బన్ ఎకాలజీ సెంటర్’ ఈ పరీక్షకు చాలవరకు నిలిచినది. నేరములకు నెలవై, జనులు పోవుటకు వెరచిన రివర్‌సైడ్ పార్కును బాగుచేయుటకు ఇరుగుపొరుగువారు పూనుకొనగా 1990 దశకారంభమున ఇది పుట్టినది. సుమారు రెండు మైళ్ల లోపలి పాఠశాలలతో ఏర్పాటు చేసికొని, అదే విద్యార్థులను ఏటా పలుమార్లు రప్పించు పద్ధతి దీని ప్రత్యేకత. ఒక్కనాటి విహారము వినోదము మాత్రమే. అదే చెట్టు ఆకు రాల్చుటను, మంచులో మోడై నిలుచుటను, మరల చిగుర్చుటను చూచినపుడే పరిశీలన అలవడును.

మరి ఆ పరిధికి ఆవలి పిల్లల మాటేమి? కేంద్రము పరిధిని పెంచలేదు; 2007లో వాషింగ్టన్ పార్కునందు, 2012లో మెనామనీ లోయయందు శాఖలు తెరచినది. ఇది సరియైన మార్గమే కాని వ్యయముతో కూడినది. శాఖ లేని పేటల పిల్లలకు ఆ భాగ్యము లేదు.

అయినను ఈ పద్ధతిలోని సారమునకు భవనము అక్కరలేదు. బడికి నడకదూరమున నున్న చెరువును ఉపాధ్యాయుడు ఋతువునకొకమారు చూపించినను చాలును.